నిద్రపోతున్నాడు

"ఇది పనికిరాదురా. ఇందులో నా చేతికి కట్టుంది" అంది అత్తగారు.

ఆవిడ కొడుకు మెకానిక్కు ఫోన్ మళ్ళీ తనవైపు తిప్పుకున్నాడు. వీడియోలో ఇన్‌స్పెక్టరు సోఫా కింద దూరి, తోక ఒక్కటే బయటపెట్టి ఊపుతున్నాడు. తోక బ్రహ్మాండంగా కనబడుతోంది. పోయినేడు మెట్లమీద జారిపడ్డప్పటి పిండికట్టుతో దాని పక్కనే అత్తగారి చెయ్యి కూడా అంతే బ్రహ్మాండంగా కనబడుతోంది.

"కట్టున్న మేరకి కత్తిరించేస్తాను."

"చెయ్యీ తోకా ఒకచోటే ఏడిశాయి కదరా! నన్ను కత్తిరిస్తే వాడూ పోతాడు. ఇంకోటి చూడు."

ఇంకోటి చూశాడు. అందులో పాత కర్టెన్లు. ఆ తర్వాతది బాగానే ఉందని ఊపిరి పీల్చుకునేలోపు ఫోన్లోంచి వదిన గొంతు వినబడింది. "ఒరేయ్, వాడి నోట్లోంచి నా చెప్పు లాగరా!" వదిన ఉన్న వీడియో వదినకే పంపితే ఇంకేమన్నా ఉందా! మెకానిక్కు నాలిక్కరుచుకుని చటుక్కున ఆపేశాడు.

గోడవారగా కింద కూర్చున్న అతని పెళ్ళాం అద్దాలమ్మాయి ఇవేవీ చూడటం లేదు. ఇన్‌స్పెక్టరు పక్క దులిపి, మళ్ళీ నాలుగు మూలలూ సరిచేసి పరిచింది. గిన్నెలో నిన్నటి నీళ్ళు పారబోసి కొత్తవి పోసింది. నిన్న పోసిన నీళ్ళు చుక్క తగ్గలేదు. మొన్నటివీ అంతే.

ఇన్‌స్పెక్టరు వదిన కుక్క; వదినంటే మెకానిక్కుకి అక్క. ఇంటికెవరొచ్చినా వాళ్ళ సంచీ సాంతం వాసన చూసి గానీ లోపలికి వదలడు కాబట్టి ఆ ఉద్యోగం ఇచ్చారు. ఇప్పుడు ముసలివాడయ్యాడు. ఒక కంటికి పొర కమ్మింది, వెనక కాలు ఈడుస్తాడు, సాయంత్రం బ్రెడ్డు ముక్కలో పెట్టి మాత్ర వెయ్యకపోతే తెల్లవార్లూ మూలుగుతాడు. వదిన విమానమెక్కిన మర్నాడే వాడు గడప దాటి వెళ్ళిపోయాడు. అప్పట్నుంచీ ఈ ముగ్గురూ వెతకని సందు లేదు, అడగని మనిషి లేడు. వదినకి మాత్రం చెప్పలేదు. రోజుకో పాత వీడియో పంపి, ఇవాళ్టిదే అని నమ్మిస్తున్నారు.

"ఇక ఆపండి" అంది అద్దాలమ్మాయి, పక్క మీంచి ఒక వెంట్రుక ఏరుతూ. "ఇవాళైనా నిజం చెప్పేద్దాం."

"ఇదిగో, మళ్ళీ మొదలెట్టింది" అన్నాడు మెకానిక్కు.

"మొదలెట్టడం కాదు. నా వల్ల కావడం లేదు."

"నిన్నేమన్నా పంపమన్నానా? పంపేది నేను. అబద్ధమాడేది నేను. నువ్వు నోరు మూసుకు కూర్చుంటే చాలు, అదీ కష్టమేనా?"

"అవును. అదే కష్టంగా ఉంది."

అద్దాలమ్మాయి అన్న పేరు వదిన పెట్టిందే. కళ్ళజోళ్ళ దుకాణంలో ఫ్రేములు బిగించే పిల్ల కోడలిగా వస్తోందని తెలిసినప్పుడు, "మా ఇంట్లో ఎవరికీ ముందున్నది కనబడదు, ఒకమ్మాయి అద్దాలు పట్టుకొస్తోందిలే" అని నవ్వి ఆ పేరు ఖాయం చేసింది. ఊరందరికీ వదిన నర్సమ్మ. కాన్పుల వార్డులో ఒళ్ళు హూనం చేసుకుని ఇంటికొచ్చి, కాళ్ళు బల్ల మీద చాపి, టీవీలో పరాయి దేశాల కార్యక్రమాలు కళ్ళార్పకుండా చూసేది. గదిలో గోడనిండా ప్రపంచపటం. తమ్ముణ్ని చదివించింది, తల్లిని చూసుకుంది, ఊళ్ళో సగంమంది పిల్లల్ని తన చేతులమీద లోకంలోకి తెచ్చింది గానీ ఆ పటంలో ఒక్క చోటికీ తను వెళ్ళలేదు. ఎట్టకేలకి ఈ ఏడు ఒక బృందంతో ప్రయాణం కుదిరితే, తీరా సమయానికి ముసలి కుక్కని వదిలి వెళ్ళనని భీష్మించుకుంది.

"వెళ్ళండి వదినా, వాణ్ని నేను చూసుకోనూ?" అని వెంటపడి ఒప్పించింది అద్దాలమ్మాయే.

"నీ మొగుణ్ని నమ్మను. మా అమ్మని అసలు నమ్మను. వీళ్ళిద్దరూ మంచి కోసమని చెప్పి దేన్నైనా దాచేస్తారు. నువ్వు చెప్తావా, ఏదున్నా?"

"ముందు మీకే చెప్తాను."

ఆ మాట పట్టుకునే వదిన సూట్‌కేసు సర్దుకుంది.

"చెప్తే ఏం చేస్తుందమ్మా అక్కణ్నుంచి?" అత్తగారు గొంతు తగ్గించింది. "జీవితంలో మొదటిసారి సరదాపడి వెళ్ళింది. ఆ మంచు కొండల దగ్గర కూర్చుని ఏడవడం తప్ప దాని చేతుల్లో ఏముంది? వెనక్కి రావాలన్నా బృందంతో తప్ప రాలేదు. ఈలోపు వాడే దొరుకుతాడేమో. దొరికాక చెప్దాం, నవ్వుకుంటుంది."

"దొరక్కపోతేనో?"

"నీ నోట మంచి మాట రాదా?"

"ఏడిస్తే ఏడవనివ్వండి అత్తయ్యా. ఆవిడ కుక్క. ఏడ్చే హక్కు కూడా మనమే దాచిపెట్టుకుంటే ఎలా?"

"అంతా నన్నే అంటారేంటి, ఆ కొరియర్‌వాడు తలుపు సరిగ్గా వేసుంటే ఇదంతా ఉండేదా!" అన్నాడు మెకానిక్కు, ఎవరూ ఇంకా తనని ఏమీ అనకముందే.

"తలుపు తీసింది కొరియర్‌వాడా?" అంది అద్దాలమ్మాయి.

మెకానిక్కు ఫోన్ తెర చొక్కాతో తుడిచాడు.

లిఫ్టులు బాగుచేసే మనిషికి తలుపులు వాటంతటవే తెరుచుకోవడం కంటే ఆనందమైంది లోకంలో ఇంకోటి లేదు. ఇంటి తలుపుకి ఫోన్‌తో తెరుచుకునే తాళం పెట్టాడు. హాల్లో లైటు చప్పట్లు కొడితే వెలుగుతుంది, మళ్ళీ కొడితే ఆరుతుంది. అత్తగారు విసుగొచ్చి నుదురు కొట్టుకున్నప్పుడల్లా ఇల్లు చీకటైపోతుందని వదిన పొట్ట పట్టుకుని నవ్వేది. అలమర మీద కోడిగుడ్డంత కెమెరా పెట్టి, ఇన్‌స్పెక్టరు పక్క కనబడేలా తిప్పాడు. అందులోంచి మాట్లాడొచ్చు కూడా. పనిలో ఉండి, "ఒరేయ్, సోఫా దిగు" అని ఇక్కడ వినబడేలా అరిచేవాడు. ఇన్‌స్పెక్టరు అలమరవైపు చూసి గుర్రుమనేవాడు.

ఆ రోజు ఇంట్లో ఎవరూ లేరు. పార్సిల్ వచ్చిందని కబురొస్తే, మెకానిక్కు ఎక్కడో లిఫ్టు గుంటలో నిలబడి ఫోన్‌తోనే తలుపు తెరిచి, "లోపల పెట్టి వెళ్ళిపో బాబూ" అన్నాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. కొరియర్‌వాడు పెట్టి వెళ్ళాడు. తలుపు పూర్తిగా పడలేదు. వచ్చిన సంచీ వాసన చూడటానికి లేచిన ఇన్‌స్పెక్టరు, ఆ సంచీ వెంటే వెళ్ళిపోయాడు.

ఇంతకీ ఆ పార్సిల్లో వచ్చిందేమిటంటే, కుక్క ఎక్కడుందో చెప్పే మెడపట్టీ. అది ఇప్పటికీ అలమరలో, పెట్టెలోనే ఉంది. మెకానిక్కు ఫోన్‌కి పొద్దున్నే ఠంచనుగా కబురు పంపుతుంది, మీ నేస్తం ఇంట్లో క్షేమంగా ఉంది అని.

"నేనేం కావాలని చేశానా? వాడి కోసమే కదా తెప్పించింది!" అన్నాడు మెకానిక్కు. "నాకు మాత్రం బాధ లేదా? అక్క ముందు ఏ మొహం పెట్టుకుని నిలబడతాను?"

"అదే అసలు సంగతి. మీ మొహం కోసం ఆవిణ్ని మోసం చేస్తున్నాం."

"ఏంటే నువ్వు..."

"మామయ్యగారప్పుడు చేసిందే మళ్ళీ చేస్తున్నాం."

ఆ ఇంట్లో ఆ మాట ఎత్తగూడదు. వదిన నర్సు చదువు చదువుతూ హాస్టల్లో ఉన్న రోజుల్లో తండ్రికి జబ్బు ముదిరింది. పరీక్షలు పాడవుతాయని ఎవరూ చెప్పలేదు. ఆఖరి పరీక్ష రాసి స్వీట్ల పెట్టె పట్టుకుని ఇంటికొచ్చిన పిల్లకి గోడ మీద దండ వేసిన ఫోటో కనబడింది. ఈ సంగతి అద్దాలమ్మాయికి వదినే చెప్పింది, ఒక్కసారే, గిన్నెలు తోముతూ, వెనక్కి తిరక్కుండా.

అత్తగారు చీర కొంగు మడతలు పెట్టడం మొదలెట్టింది.

"చెప్పొద్దన్నది నేను కాదు" అంది. "ఆయనే. పిల్లని రాసుకోనివ్వండి అన్నాడు. ఆయన మాట కాదని ఎలా చెప్పను? చెప్పకపోతే పాపం నాదే, చెప్పినా నాదే అయ్యేది. ఈనాటికీ ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. నన్నే అంటారు."

అద్దాలమ్మాయికి అత్తగారి మీద కోపం రావాలి. వచ్చినట్టే వచ్చి ఎక్కడో ఆగిపోయింది. తల తిప్పుకుంటే అలమర మీద కెమెరాలో నీలం చుక్క వెలుగుతూ కనబడింది.

"అదెందుకలా వెలుగుతోంది?"

"ఎవరైనా చూస్తుంటే వెలుగుతుంది. నా ఫోన్లో తెరిచే ఉంచాను, వాడు వస్తాడేమోనని" అన్నాడు మెకానిక్కు. "పనిలో ఉన్నా అదే చూస్తున్నాను. అర్థమైందా? అదే చూస్తున్నాను."

అప్పుడు ఫోన్ మోగింది. ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. వదిన కాదు. కుక్కల షెల్టరు నుంచి. గోధుమరంగు, ముసలిది, వెనక కాలు కుంటి, ఒకసారి వచ్చి చూసుకోండి అన్నారు.

మొగుడూ పెళ్ళాలు చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా బండెక్కారు. అత్తగారు గుమ్మంలోకి వచ్చి, "మాత్ర పట్టుకెళ్ళండర్రా, వేళ దాటిపోతోంది" అని బ్రెడ్డు ముక్కలో పెట్టి అందించింది. దారిపొడుగునా అద్దాలమ్మాయి ఆ ముక్కని గుప్పిట్లో పెట్టుకునే కూర్చుంది. వాడే అయితే వదినకి ఫోన్ చేసి అంతా చెప్పేస్తాను, తిట్టినా సరే, కొట్టినా సరే అనుకుంది. వాడే అయితే చాలు.

షెల్టరులో ఫినాయిలు వాసన. ఇరుకైన నడవకి రెండువైపులా జాలీ తలుపులు. వీళ్ళు నడుస్తుంటే ఒక్కో తలుపు వెనకా ఒక్కో కుక్క లేచి నిలబడి చూసింది. నడవ చివర షెల్టరావిడ ఆగి, గడియ తీసి, "ఇదేనా?" అంది.

అదే రంగు. అదే నడుం. వెనకనుంచి చూసి మెకానిక్కు, "వాడే!" అని గట్టిగా అరిచేశాడు. కుక్క ఇటు తిరిగింది. రెండు కళ్ళూ తేటగా ఉన్నాయి. ముక్కు మీద తెల్లమచ్చ. ఎవరో ఏమిటో తెలియకపోయినా తోక ఊపుకుంటూ వచ్చి అద్దాలమ్మాయి గుప్పిట వాసన చూసింది.

"కాదు" అంది అద్దాలమ్మాయి.

ఆ ఒక్క ముక్కకే ప్రాణం ఉసూరుమంది. కిందికి చతికిలబడిపోయింది. మాత్ర తీసేసి బ్రెడ్డు ముక్క దానికే పెట్టింది. అది తిని, ఇక్కడే ఉంటారు కదా అన్నట్టు అద్దాలమ్మాయి కాళ్ళకి ఆనుకుని పడుకుంది.

"మీవాడు వెళ్ళి ఇన్నాళ్ళయింది కదా" అంది షెల్టరావిడ మెల్లగా. "కన్ను కనబడదంటున్నారు, కాలు కుంటంటున్నారు. రోడ్లన్నీ బళ్ళు. ఆశ పెట్టుకోవద్దనను. కానీ మరీ..."

"చూస్తుంటారు కదండీ? వస్తే ఫోన్ చేస్తారు కదా?" అంది అద్దాలమ్మాయి.

"చేస్తాం. అందరికీ చేస్తూనే ఉంటాం."

మెకానిక్కు పెళ్ళాం చెవి దగ్గరకి వంగాడు. "ముఖం ఇటు తిప్పకుండా పడుకుంటే అచ్చం వాడే కదే?"

"అయితే?"

"అయితే ఏం లేదు. ఊరికే అన్నాను."

అద్దాలమ్మాయి షెల్టరావిడతో మాట్లాడుతూనే ఉంది గానీ, మొగుడు వెనక్కి జరిగి, ఫోన్ తీసి, పడుకున్న కుక్క వీపుకి గురిపెట్టడం కంటి కొసనుంచి కనబడుతూనే ఉంది. వద్దండీ అనాలి. ఒక్క మాట అంటే ఆగిపోతాడు. కానీ ఇంటికెళ్ళి మళ్ళీ ఆ పాత వీడియోల్లో కట్లూ కర్టెన్లూ ఏరుకోవడం తలుచుకుంటే ఒంట్లో ఓపిక చచ్చిపోయింది. చూడనట్టు ఊరుకుంది.

బయటికొచ్చాక అతను, "పంపేశాను" అన్నాడు. బండి తాళం తిప్పుతూ అన్నాడు, ఇటు చూడకుండా. "చార్జింగు కూడా సరిగ్గా అంతవరకే వచ్చింది. పంపగానే ఫోన్ చచ్చిపోయింది."

వెళ్ళేటప్పుడు అద్దాలమ్మాయి గుప్పిట్లో ఉన్న మాత్రే వచ్చేటప్పుడూ ఉంది.

ఇంటికొచ్చేసరికి వీధిదీపాలు వెలిగాయి. వీళ్ళ ముఖాలు చూసి అత్తగారు ఇద్దరికీ మంచినీళ్ళిచ్చి, తనూ ఒక గ్లాసు తెచ్చుకుని కూర్చుంది. మెకానిక్కు ఫోన్ తీసుకెళ్ళి లోపలి గదిలో చార్జింగుకి పెట్టొచ్చాడు. అద్దాలమ్మాయి చెప్పులు విప్పుతుండగానే ఆవిడ ఫోన్ మోగింది.

"వదిన" అంది, తెర చూసి.

"నాది పలకట్లేదని నీకు చేసుంటుంది" అన్నాడు మెకానిక్కు. "తియ్యకు."

"ఎన్నాళ్ళు తియ్యను?"

"పోనీ తీసి నాకివ్వు."

తీసి చెవి దగ్గర పెట్టుకుంది. ఇవ్వలేదు.

"అద్దాలమ్మాయ్" అంది వదిన. గాలి చప్పుడు గానీ, పక్కన మనుషుల చప్పుడు గానీ లేదు. ఎక్కడో గదిలో కూర్చుని మాట్లాడుతున్నట్టుంది. "బాగున్నావా?"

"బాగున్నాను వదినా. మీరు? కొండలు చూశారా?"

"ఇవాళ అందరూ వెళ్ళారు. నేను వెళ్ళలేదు."

"అయ్యో, అదేంటి? ఒంట్లో బాగోలేదా?"

"ఒళ్ళు బాగానే ఉంది. నీతో మాట్లాడాలనిపించింది. రోజూ తమ్ముడే పంపుతాడు, తమ్ముడే రాస్తాడు. నీ గొంతు విని ఎన్నాళ్ళయింది?"

అద్దాలమ్మాయి కావాలనే తప్పించుకు తిరుగుతోంది. దుకాణంలో రద్దీ అని ఒకసారి, స్నానంలో ఉన్నానని ఇంకోసారి మెసేజీ పెట్టింది. వదిన ఎప్పుడూ నొక్కి అడగలేదు. ఇన్‌స్పెక్టరు గురించి తన నోటితో ఇంతవరకూ అబద్ధం చెప్పలేదన్న ఒక్క సంగతినే పట్టుకుని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చింది.

"పని ఎక్కువైంది వదినా."

"ఊఁ. ఇన్‌స్పెక్టరేం చేస్తున్నాడు?"

ఎదురుగా మెకానిక్కు రెండు చేతులూ జోడించాడు. అత్తగారు కుర్చీ అంచుకి జరిగి, వద్దు వద్దని తలూపుతోంది. అద్దాలమ్మాయి ఖాళీ పక్కకేసి చూసింది. చెప్పెయ్యాలి. ముందు మీకే చెప్తానని మాటిచ్చింది. కానీ ఎక్కణ్నుంచి మొదలెట్టాలి? తప్పిపోయాడని చెప్పాలా, ఇన్నాళ్ళూ చెప్పలేదని చెప్పాలా, ఇందాక పంపింది ఇంకో కుక్క వీడియో అని చెప్పాలా? కొండలకి కూడా వెళ్ళకుండా గదిలో ఒంటరిగా కూర్చున్న మనిషికి?

"అద్దాలమ్మాయ్? ఉన్నావా?"

"ఆఁ, ఉన్నాను వదినా."

"నాకేమైనా చెప్పాలా?"

ఆ క్షణంలో నోటికి అందిన మాట అనేసింది.

"నిద్రపోతున్నాడు."

అత్తగారి చేతిలోంచి గ్లాసు జారి కిందపడింది. నీళ్ళు గచ్చంతా పాకాయి.

"నిద్రపోతున్నాడా" అంది అవతల వదిన. అడిగినట్టు లేదు. "సరే. లేపొద్దు."

ఫోన్ పెట్టేసింది.

"హమ్మయ్య" అన్నాడు మెకానిక్కు, సోఫాలో కూలబడి. "బతికించావే."

"ఆ మాటెందుకన్నావే తల్లీ!" అత్తగారి గొంతు విని ఇద్దరూ అటు తిరిగారు. "ఇంకే మాటా దొరకలేదా నీకు? బయటికెళ్ళాడనకూడదా, తింటున్నాడనకూడదా? పోయిపోయి ఆ మాటే దొరికిందా?" అంటూ అరచేత్తో నుదురు టపటపా కొట్టుకుంది.

లైటు ఆరిపోయింది.

చీకట్లో మెకానిక్కు చిరాగ్గా చప్పట్లు కొట్టడానికి చేతులెత్తాడు. అద్దాలమ్మాయి అతని మణికట్టు పట్టుకుంది.

అలమర మీద నీలం చుక్క వెలుగుతోంది.

"మీ ఫోన్?"

"లోపల. చచ్చిపోయింది కదా, ఇంకా లేవలేదు."

"మరి చూస్తున్నదెవరు?"

ఆ ఇంట్లో ఫోన్లు మెట్లు దిగుతాయి. మెకానిక్కు కొత్తది కొనగానే అతనిది పెళ్ళానికి, పెళ్ళానిది అత్తగారికి వెళ్తుంది. ఈసారి వదిన ప్రయాణం కదా, ఫోటోలు బాగా వస్తాయని అద్దాలమ్మాయి తన వంతు వదులుకుని, అతని పాత ఫోన్ వదినకి ఇప్పించింది. "అన్నీ ఎలా ఉన్నవలా ఉంచేశానక్కా, నువ్వేం ఎక్కించుకోనక్కర్లేదు" అని గొప్పగా ఇచ్చాడు. అన్నీ అంటే కెమెరా కూడా అన్న సంగతి అతనికి ఇప్పుడు తట్టింది.

"అక్కకి టార్చి ఆపడం కూడా రాదే..." అన్నాడు నీరసంగా.

"నేర్చుకున్నాను" అంది అలమర.

గుడ్డంత పెట్టెలోంచి వదిన గొంతు సన్నగా, గరగరలాడుతూ వస్తోంది.

"చూడటం బస్సులో పక్క సీటావిడ నేర్పింది, మాటలు వినబడేలా చెయ్యడం ఇప్పుడే తెలిసింది. వాణ్ని చూసుకుందామని తెరిచాను. పక్క ఖాళీగా ఉంది. తిప్పడానికి తీసుకెళ్ళారేమో అనుకున్నాను. మర్నాడూ ఖాళీయే. అలా ఖాళీగా ఉన్న పక్కని చూస్తుంటే తమ్ముడి వీడియోలొచ్చేవి, తోక ఊపుతున్నాడని. ఇవాళైతే ఎవరి కుక్కనో పంపాడు."

"అక్కా..." అన్నాడు మెకానిక్కు.

"నీతో కాదు. అద్దాలమ్మాయ్, రోజూ నీళ్ళు మారుస్తున్నావు. చూస్తున్నాను. ఆ పక్క మీద కూర్చుని ఏడవడం కూడా చూశాను. అడిగితే నువ్వు నిజం చెప్పేస్తావని తెలుసు. అది వినే ధైర్యం లేకే ఇన్నాళ్ళూ నిన్ను అడగలేదు. ఇవాళ ధైర్యం చేసి అడిగాను."

అద్దాలమ్మాయి అలమర ముందు నిలబడింది. ఏడుపు ఆపుకోలేకపోయింది, దాచుకోవడానికీ చోటు లేదు. చీకట్లో కూడా ఆ కెమెరాకి మనుషులు కనబడతారని మొగుడు ఎన్నిసార్లో చెప్పాడు.

"తప్పయిపోయింది వదినా."

"నాన్నప్పుడు హాస్టల్‌కి ఫోన్ వస్తే, నాన్నకి ఇవ్వమ్మా, ఒక్క మాట మాట్లాడతానన్నాను. నిద్రపోతున్నాడంది అమ్మ. అప్పటికి ఆయన్ని కాటికి తీసుకెళ్ళిపోయారు."

వెనకనుంచి అత్తగారి ఏడుపు వినబడింది. గుక్క పట్టి, కొంగు నోట్లో కుక్కుకున్న ఏడుపు.

"ఇప్పుడైనా చెప్పు" అంది వదిన. "వాడు బతికున్నాడా, లేడా?"

అద్దాలమ్మాయి నోరు తెరిచింది. ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ దాచింది చెప్పడానికి ఇక అడ్డమేమీ లేదు. చెప్పడానికి కూడా ఏమీ లేదు.

"తెలీదు వదినా."

అద్దాలమ్మాయి కెమెరాకి ఇంకా దగ్గరగా జరిగింది.

"ఒట్టు వదినా. నిజంగా తెలీదు. తలుపు తెరిచుంటే వెళ్ళిపోయాడు. వెతుకుతూనే ఉన్నాం. ఇవాళ కూడా షెల్టరుకెళ్ళి..."

"సరేలే" అంది వదిన. కోపం లేదు ఆ గొంతులో. వార్డులో కాన్పు కష్టమైనవాళ్ళతో మాట్లాడే గొంతు అది. "ఇంక దాచకండి. నేను ఏడవనులే. ఎక్కడ పూడ్చారో అది చెప్పు చాలు."

"పూడ్చలేదు వదినా! నా మాట నమ్మండి..."

"చెట్టు కిందేనా? వాడు ఎండకి పడుకునే చోటు?"

అద్దాలమ్మాయి మొగుడివైపు చూసింది. అతను తల వంచుకున్నాడు. అత్తగారివైపు చూసింది. ఆవిడ కళ్ళు ఒత్తుకుంటోంది. చుక్క వెలుగుతూనే ఉంది, వదిన జవాబు కోసం చూస్తూనే ఉంది, ఆవిడ నమ్మే మాట ఒక్కటి కూడా ఈ ఇంట్లో ఎవరి దగ్గరా మిగల్లేదు.